చెరువు పుస్తకంలో వెనక పేజీలు

నేను మొదటిసారి షేర్లు కొన్నది స్కూల్లో మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టాక. 2023 ఆగస్టు. స్టాఫ్ రూమ్‌లో క్యారేజీ మూత కూడా తియ్యకుండా ఫోన్‌లో బిజినెస్ చానల్ పెట్టుకుని కూర్చున్నాను. రొయ్యల మేత తయారుచేసి, రొయ్యలు ఎగుమతి కూడా చేసే ఒక కంపెనీ ఏప్రిల్-జూన్ ఫలితాలు అప్పుడే వచ్చాయి. పేరు చెప్పను, ఇక్కడ పేరుతో పనిలేదు. యాంకర్ గొంతులో పెళ్లివారింటి హడావుడి. ముందు త్రైమాసికంతో పోలిస్తే లాభం దాదాపు రెట్టింపట. వెంటనే కంపెనీ పెద్దాయన తెర మీదికొచ్చి, ఈ ఏడాది అవుట్‌లుక్, అంటే ముందుముందు వ్యాపారం ఎలా ఉంటుందన్న అంచనా, చాలా బాగుంది, అమ్మకాలు రెండంకెల్లో పెరుగుతాయి అన్నారు. చీటీ ఎత్తిన డబ్బు లక్షా ఎనభై వేలు బ్యాంకులో ఊరికే పడి ఉంది. షేర్లు దాచుకోవడానికి మా బావగారబ్బాయి తెరిపించిన డీమ్యాట్ అకౌంటు ఖాళీగా ఉంది. పెరుగన్నం దాకా వచ్చేసరికి కొనేశాను.

రొయ్యల చెరువుల మధ్య కాపురం చేస్తున్నాను, మేత కంపెనీ గురించి నాకు తెలియనిదేముంది అన్నది ఒక ధీమా. పాలకొల్లు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను, అంకెలంటే భయం లేదన్నది ఇంకో ధీమా. రెండూ ఆ సాయంత్రానికే పోయాయి.

మా ఆయనకి యలమంచిలి మండలంలో నాలుగెకరాల కౌలు చెరువు ఉంది. ఆయన వచ్చి పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే సంబరంగా చెప్పాను, లాభం రెట్టింపైందటండీ అని. చెంబు కింద పెట్టి నా వంక చూశారు. "ఏప్రిల్ నుంచి జూన్ దాకా మేత అమ్ముడవక, సంక్రాంతికి అమ్ముడవుద్దా టీచరమ్మా?"

ఫిబ్రవరి, మార్చిల్లో పిల్ల వదిలితే ఏప్రిల్, మే, జూన్ నెలల్లో రొయ్య బాగా తింటుంది. ఏ మేత కంపెనీకైనా ఆ మూడు నెలలే పండగ. దానికి ముందు మూడు నెలలు, అంటే జనవరి నుంచి మార్చి, చెరువులు ఎండగట్టుకుని, సున్నం చల్లుకుని, నీళ్లు పెట్టుకుని పిల్ల వదులుకునే కాలం. ఈ రెంటినీ పోల్చి లాభం రెట్టింపు అనడం ఎలా ఉంటుందంటే, బడులు తెరిచిన జూన్‌లో నోటుపుస్తకాల షాపు అమ్మకాన్ని మే నెల అమ్మకంతో పోల్చి చప్పట్లు కొట్టినట్టు ఉంటుంది. పోల్చాల్సింది కిందటి ఏడాది ఏప్రిల్-జూన్‌తో. అలా పోలిస్తే లాభం పెరగకపోగా కాస్త తగ్గింది కూడా. ఆ సంగతి టీవీలో చెప్పారో లేదో నాకు గుర్తులేదు. చెప్పినా నేను వినే స్థితిలో లేను.

టీవీ వాళ్లు అబద్ధం చెప్పలేదు. అది మింగుడు పడటానికే నాకు చాలా రోజులు పట్టింది. అంకె నిజం. దేంతో పోల్చారన్న దగ్గరే వచ్చింది తిప్పలంతా. ఎనిమిదో తరగతిలో శాతాలు చెప్పేటప్పుడు "దేని మీద శాతం?" అని అడగని పిల్లాణ్ణి నిలబెడతాను. ఆ రోజు నన్ను నిలబెట్టాలి.

నా ఖర్మ ఏమిటంటే, ఆ తర్వాత మూడు వారాలు షేరు పెరిగింది. తొమ్మిది వేలు లాభం కనపడింది. మా ఆయనకి చూపించాను కూడా. "అమ్మేసి గాజులు చేయించుకో" అన్నారు. అమ్మలేదు.

నవంబరులో రెండో త్రైమాసికం, అంటే జులై-సెప్టెంబరు, ఫలితాలు వచ్చాయి. లాభం బాగా తగ్గింది. మళ్లీ అదే పెద్దాయన, అదే నవ్వు. గిరాకీ కాస్త నెమ్మదించింది గానీ సెకండాఫ్‌లో కోలుకుంటాం అన్నారు. కంపెనీల భాషలో సెకండాఫ్ అంటే అక్టోబరు నుంచి మార్చి దాకా. మా స్టాఫ్ రూమ్‌లో సెకండాఫ్ అంటే ఇంటర్వెల్ తర్వాత సినిమా. ఫస్టాఫ్ పోయిన సినిమాకి సెకండాఫ్ అదిరిపోద్ది అని చెప్పేది నిర్మాత, లేకపోతే ఆయన చుట్టాలు. పైగా మా డెల్టాలో చలికాలం పంట అంటే రైతు గుండె చేత్తో పట్టుకుని వేసేది. నీళ్లు చల్లబడితే వైట్‌స్పాట్, అదే రొయ్యలకొచ్చే తెల్లమచ్చ రోగం, భయం. అందుకే చాలామంది వెయ్యరు, వేసినా పల్చగా వేస్తారు. మేత అమ్ముకునే కంపెనీకి ఆ ఆరు నెలల్లో కోలుకోవడం ఎలా కుదురుతుందో అడిగిన యాంకర్ ఒక్కరూ కనపడలేదు. ముంబై స్టూడియోలో కూర్చున్నవాళ్లకి మా చెరువుల క్యాలెండర్ ఎందుకు తెలుస్తుందిలే అని సరిపెట్టుకున్నాను. కానీ నాకు తెలుసు కదా. తెలిసీ, తెర మీద సూటు వేసుకున్న మనిషి చెబితే నమ్మాను. అక్కడ నా మీద నాకే కోపం వచ్చింది.

అప్పుడు మొదలైంది నా చదువు.

ముందు తెలుసుకున్నది, ఫలితాలు టీవీలో పుట్టవని. ప్రతి లిస్టెడ్ కంపెనీ త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లోపు ఫలితాలు షేర్ల కొనుగోళ్లు, అమ్మకాలు జరిగే ఎక్స్ఛేంజీలకి ఇచ్చి తీరాలి. ఏడాది లెక్కలకైతే 60 రోజులు. అలాంటి ఎక్స్ఛేంజీ బీఎస్ఈ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొడితే ఆ కాగితం అలాగే కనిపిస్తుంది, పైసా ఖర్చు లేదు. మొదటిసారి తెరిచినప్పుడు పిల్లల ప్రోగ్రెస్ కార్డు గుర్తొచ్చింది. అడ్డంగా గడులు. మొదటి గడిలో ఈ త్రైమాసికం, రెండో గడిలో ముందు త్రైమాసికం, మూడో గడిలో కిందటి ఏడాది ఇదే త్రైమాసికం. టీవీ వాళ్లు రెండో గడితో పోల్చి చెప్పారు. నేను చూడాల్సిన మూడో గడి దాని పక్కనే, వేలెడు దూరంలో ఉంది.

నిలువుగా చూస్తే ఇంకో పాఠం. అమ్మకాల కింద "ఇతర ఆదాయం" అని ఒక వరస ఉంటుంది. బ్యాంకు వడ్డీ, స్థలం అమ్మితే మిగిలిన లాభం, ఇలాంటివన్నీ అందులోకే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఫలితాల్లో లాభం కిందటి ఏడాది కంటే పెరిగినట్టే ఉంది. ఇతర ఆదాయం వరస తీసేసి కాగితం మీద మళ్లీ వేసుకుంటే తగ్గింది. ఆ సాయంత్రం సరదాకి నాలుగు చోట్ల హెడ్డింగులు చూశాను. ఒకచోట "లాభంలో పెరుగుదల". ఒకచోట "అమ్మకాలు డౌన్". ఇంకోచోట "అంచనాలకు మించిన ఫలితాలు". నాలుగోచోట "అంచనాలు అందుకోలేదు". ఒకే కాగితం, నాలుగు కథలు. ఈ "అంచనాలు" ఎవరివో ఒక్కచోటా రాయలేదు. షేర్లు కొని అమ్మిపెట్టే బ్రోకరేజీల్లో కంపెనీల లెక్కలు చూసే అనలిస్టులు వేసేవట అవి. కంపెనీ ముందే నాలుగు నిట్టూర్పులు విడిచి ఆ అంచనా కిందికి దిగేలా చేస్తే, తర్వాత దాన్ని దాటడం కష్టం కాదు. మా క్లాసులో ఒక పిల్లాడు పరీక్ష రాసొచ్చి "ఫెయిలైపోతానండి" అని ఇల్లంతా ఏడిపించి, 52 తెచ్చుకుని చాక్లెట్లు పంచాడు. అదే విద్య.

ఇదంతా చదువుతున్న రోజుల్లోనే, ఆ ఫిబ్రవరిలోనే, షేర్ మార్కెట్‌ని అదుపుచేసే సంస్థ సెబీ ఇచ్చిన ఒక మధ్యంతర ఉత్తర్వు వార్తల్లోకొచ్చింది. ఒక బిజినెస్ చానల్‌లో షేర్లు కొనమని సలహాలిచ్చే గెస్ట్ ఎక్స్‌పర్ట్‌లు కొందరు, తాము చెప్పబోయేది ముందుగానే కొందరు ట్రేడర్లకి చేరవేశారనీ, వాళ్లు ముందే కొనేసి, ప్రోగ్రామ్ వచ్చాక జనం ఎగబడినప్పుడు అమ్ముకున్నారనీ దాని సారాంశం. 7.41 కోట్ల రూపాయలు జప్తు చెయ్యమన్నారు. నేను కొన్న షేరుకీ దానికీ సంబంధం లేదు. కానీ క్యారేజీ మూత తియ్యకుండా ఎగబడిన జనంలో నేనూ ఒకదాన్నే కదా అనిపించింది.

తర్వాత కాన్‌కాల్. ఫలితాలు వచ్చాక కంపెనీ పెద్దలు అనలిస్టులతో ఫోన్లో గంటసేపు మాట్లాడతారు. ఆ రికార్డింగు, తర్వాత దాని రాతప్రతి కూడా ఎక్స్ఛేంజీలో పెట్టాలి. రాతప్రతికి ఐదు పనిదినాల గడువు. నా చదువంతా తెలుగు మీడియం. ఆ ఇరవై పేజీల ఇంగ్లీషు ముందేసుకుంటే కళ్లు తిరిగాయి. మా ఇంగ్లీషు మాస్టారిని పట్టుకున్నాను. హెడ్‌విండ్స్ అంటే ఏమిటండీ మాస్టారూ అన్నాను. "ఎదురుగాలి" అన్నారు. కాషియస్లీ ఆప్టిమిస్టిక్? ఆయన చాలాసేపు ఆలోచించి, "భయపడుతూ ధైర్యంగా ఉన్నాం అని" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

రెండు మూడు రాతప్రతులు చదివాక ఒక పద్ధతి కనపడింది. లాభం పెరిగిన త్రైమాసికంలో కారణాలన్నీ కంపెనీ లోపల ఉంటాయి. మా వ్యూహం, మా నాణ్యత, మా డీలర్ల నెట్‌వర్క్. తగ్గినప్పుడు కారణాలన్నీ బయటికి పోతాయి. వానలు, మనకి పోటీ అయిన ఈక్వడార్ రొయ్యలు, మేతలో కలిపే సోయా పిండి ధర, ఎర్రసముద్రంలో ఓడల గొడవ. నిజానికి ఇవేవీ అబద్ధాలు కావు. 2021లో సోయా పిండి ధర ఎంత మండిపోయిందంటే, ప్రభుత్వం 12 లక్షల టన్నుల దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. మేత బస్తా ధర పెరిగినప్పుడు మా ఇంట్లోనూ గొడవలయ్యాయి. కానీ సోయా ధర దిగినప్పుడు, లాభం దానివల్ల వచ్చిందని ఎవరూ అనరు. మా ఆయనా అంతే. పట్టుబడి బాగుంటే తన చెయ్యి మంచిది, పోతే సీడ్, అంటే రొయ్య పిల్ల, ఇచ్చినవాడి తప్పు. కాకపోతే ఆయన నన్ను పెట్టుబడి పెట్టమని టీవీలో అడగరు.

ఇంకో సంగతి. ప్రశ్న అడిగే ప్రతి అనలిస్టూ ముందు అభినందనలు చెబుతాడు. ఒక కాల్‌లో లెక్కపెట్టాను, పదకొండు మందిలో తొమ్మిది మంది. ఒక్క కుర్రాడు మాత్రం డీలర్ల బాకీలు ఎందుకు పెరిగాయని అడిగాడు. "అది ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం" అన్నారు. అప్పట్నుంచి ఏ రాతప్రతి తెరిచినా ముందు "ఆఫ్‌లైన్" అన్న మాట వెతుకుతాను. ఏ ప్రశ్న ఆఫ్‌లైన్‌కి పోయిందో చూసుకుని, తర్వాతే మిగతా పేజీలు చదువుతాను.

లాభం లెక్కని ఆడిటరు చూస్తాడు. త్రైమాసికానికైతే అదీ పైపైన, పరిమిత పరిశీలనే. అవుట్‌లుక్‌ని చూసేవాడు ఎవడూ లేడు. కంపెనీ ఇచ్చే ప్రెజెంటేషన్‌లో ఒక పేజీ నిండా చిన్న అక్షరాల్లో, మేము ముందుముందు జరుగుతుందని చెప్పేవి జరగకపోవచ్చు అని ఉంటుంది. రొయ్య పిల్లల్ని పొదిగించి అమ్మే హేచరీ వాళ్ల బిల్లు మీద, సీడ్ గేటు దాటాక మాది పూచీ కాదు అని ఉంటుందే, అది ఇదే.

ఇక ఆడిటరు సంతకం ఉన్న లెక్కల సంగతి మా జిల్లాలో వేరే చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు గారు లెక్కలు తప్పని ఒప్పుకున్న లేఖ బయటికొచ్చినప్పుడు భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో చావింటి నిశ్శబ్దం. మావాళ్ల కంపెనీ అని చెప్పుకునేవాళ్లం. ఆ లేఖలో, 2008 సెప్టెంబరు త్రైమాసికానికి 649 కోట్లు, అంటే అమ్మకాల్లో 24 శాతం, చూపించిన ఆపరేటింగ్ మార్జిన్, అంటే నడిపే ఖర్చులు పోను మిగిలేది, అసలు 61 కోట్లేనని, అంటే 3 శాతమేనని ఆయనే రాశారు. ఆ సెప్టెంబరులోనే ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌కి, అంటే కంపెనీని పద్ధతిగా నడుపుతున్నందుకు, గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. ఈ రెండూ ఒకే నెల పక్కపక్కన రాసుకుని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మా ఇంట్లో చెరువు పుస్తకం ఒకటుంటుంది. నీలం అట్ట పెద్ద రిజిస్టరు. ఏ రోజు ఎన్ని కిలోల మేత వేశారు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఎన్ని గంటలు తిరిగాయి, అన్నీ అందులోనే. రాసేది నేనే, మా ఆయన చెబుతుంటే. 2024 మార్చిలో దాన్ని తిరగేసి వెనక నుంచి మొదలుపెట్టాను. నాలుగు నిలువు గీతలు. తేదీ, చెప్పిన మాట, ఎప్పటికి జరగాలి, ఏం జరిగింది. కొత్త రాతప్రతి కాకుండా పాతవి తీశాను, మూడేళ్ల వెనకవి. ఇది మాత్రం నాకెవరూ చెప్పలేదు, నా బుర్రే. రాబోయే ఏడాది గురించి ఈ రోజు ఏం చెబుతున్నారో నేను తూచలేను. ఈ ఏడాది గురించి కిందటేడు ఏం చెప్పారో తూచగలను.

వేసవి సెలవులకి ముందే పదిహేడు మాటలు ఎక్కాయి. కొత్త ప్లాంటు "వచ్చే ఏడాది చివరికల్లా" పూర్తవుతుందని మూడేళ్లు వరసగా చెప్పారు. ఉన్న ప్లాంటు సామర్థ్యం మొత్తం "రెండేళ్లలో" వాడతామన్నారు, ఆ రెండేళ్లు ప్రతి ఏడూ కొత్తగా మొదలయ్యాయి. వండి సిద్ధం చేసిన రొయ్యల వంటకాల్లాంటి రెడీమేడ్ సరుకు ఎగుమతి చేస్తామన్నది రెండుసార్లు చెప్పి, తర్వాత ఆ మాటే ఎత్తలేదు. టీవీలో అడిగినవాళ్లూ లేరు. నెరవేరినవీ ఉన్నాయి, అన్యాయంగా చెప్పకూడదు. అప్పు తీరుస్తామన్నారు, తీర్చారు. డివిడెండ్ ఇస్తామన్నారు, ఇచ్చారు. పదిహేడులో నాలుగు టిక్కులు, ఐదు సున్నాలు, మిగతావి "ఇంకా".

ఆ మేలో పాలకొల్లులో మా మేత డీలరు గారి దగ్గరికి బాకీ కట్టడానికి వెళ్లాను. బాబాయ్ గారూ అని పిలుస్తాను, మా నాన్నగారి స్నేహితుడు. గోడౌన్‌లో బస్తాలు కప్పు దాకా ఉన్నాయి. ఆ వేసవి ధరలు బాగాలేక మా వైపు చాలామంది చెరువులు ఎండగట్టి వదిలేశారు. మరి ఇన్ని బస్తాలేంటి? నేను దగ్గరికెళ్లి 25 కిలోల బస్తా మూతి కుట్టిన చోట ఉండే చిన్న కాగితం చీటీ చూశాను. తయారీ తేదీ మార్చి 27. పక్క బస్తా, మార్చి 28. దాని కింద, మార్చి 27. చేపపొడి వాసనకి ముక్కు పగిలిపోతున్నా వరసగా ఒక ఇరవై చీటీలు చదివాను. అన్నీ మార్చి ఆఖరి వారమే.

"టార్గెట్టండి ఆయ్. మార్చి 31 లోపు ఎత్తుకుంటే స్కీమ్ ఉందన్నారు. డబ్బు నిదానంగా కట్టుకోమన్నారు. మనకేం పోయిందిలే అని దింపించేశాను" అన్నారు బాబాయ్ గారు. ఆయనకి అందులో తప్పేం కనపడలేదు.

రొయ్య ఒక్క గింజ తినకపోయినా, లారీ గోడౌన్‌లో దిగిన రోజే కంపెనీ పుస్తకంలో అమ్మకం పడిపోతుంది. మార్చి త్రైమాసికం అమ్మకాలు పెరిగాయని టీవీలో చెప్పింది ఈ బస్తాల గురించే. ఇంటికొచ్చి ఫలితాల కాగితం మళ్లీ తీశాను. మార్చి, సెప్టెంబరు ఫలితాలతోపాటు ఆస్తి అప్పుల పట్టిక కూడా ఇస్తారు. అందులో రావలసిన బాకీలను ఏడాది అమ్మకాలతో భాగించి 365తో గుణిస్తే, సరుకిచ్చిన ఎన్నాళ్లకి డబ్బు వస్తోందో తెలుస్తుంది. ఏడో తరగతి లెక్క. ఏడాదిలో అది దాదాపు మూడు వారాలు పెరిగింది. కుర్రాడి ప్రశ్న ఆఫ్‌లైన్‌కి ఎందుకు పోయిందో అప్పుడర్థమైంది.

నేనూ అడిగాను. కాన్‌కాల్‌లో చేరి ప్రశ్న కోసం స్టార్, ఒకటి నొక్కి నలభై నిమిషాలు పట్టుకున్నాను, సమయం అయిపోయిందన్నారు. ఈమెయిల్ రాస్తే, మీ ప్రశ్న సంబంధిత విభాగానికి పంపాం అని జవాబొచ్చింది. ఇక మిగిలింది షేరుదారుల వార్షిక సర్వసభ్య సమావేశం. కరోనా తర్వాత చాలా కంపెనీలు వీడియోలో పెడుతున్నాయి కాబట్టి పాలకొల్లు నుంచే మాట్లాడొచ్చు. నోటీసులో చెప్పినట్టు గడువులోపు పేరు, డీమ్యాట్ నంబరు పంపి స్పీకర్‌గా నమోదు చేసుకున్నాను. 2024 సెప్టెంబరు. ఆ రోజు సెలవు పెట్టాను. పట్టుచీర కట్టుకున్నాను, ఎందుకో నాకే తెలియదు. మా ఆయన కరెంటు పోతే ఇన్వర్టరు మీదికి రూటర్ మార్చడానికి పక్కన నిలబడ్డారు.

నాకు ముందు మాట్లాడిన ఇద్దరు ఛైర్మన్ గారిని దేవుడితో పోల్చారు. నా వంతు వచ్చింది. వచ్చీరాని ఇంగ్లీషులో రాసుకున్నది చదివాను. బాకీ రోజులు మూడు వారాలు ఎందుకు పెరిగాయండీ, మార్చి ఆఖరి వారంలో డీలర్లకి పంపిన సరుకు ఏడాది అమ్మకాల్లో ఎంత శాతం అండీ. రెండే ప్రశ్నలు. గొంతు వణికింది. చివర్లో అందరికీ కలిపి జవాబులు చెప్పారు. నా పేరు చదివి, "మేడమ్ ఇచ్చిన విలువైన సూచనకు ధన్యవాదాలు" అన్నారు. నేను సూచన ఏం ఇవ్వలేదు.

మర్నాడు మూడింట రెండు వంతుల షేర్లు అమ్మేశాను. నలభై ఒక్క వేలు పోయాయి. మిగతావి ఉంచుకున్నది లాభం కోసం కాదు. అవి ఉంటేనే సమావేశం నోటీసు వస్తుంది.

2025లో రెండు జరిగాయి. ఒకటి, మార్చి త్రైమాసికం ఫలితాల్లో డీలర్ల నుంచి రాని బాకీల కింద పెద్ద మొత్తం పక్కన పెట్టారు. టీవీలో దాన్ని "వన్ టైమ్", అంటే ఒక్కసారికే వచ్చిన ఖర్చు, అన్నారు, అది తీసేసి చూస్తే ఫలితాలు బాగున్నాయన్నారు. ఇతర ఆదాయం కలుపుకున్నప్పుడు మాత్రం అది వన్ టైమ్ అని ఎవరూ అనలేదే అని నేను టీవీతో వాదన పెట్టుకున్నాను. మా అమ్మాయి సౌండ్ తగ్గించింది.

రెండోది అమెరికా సుంకాలు. ఏప్రిల్ 2న ట్రంప్ మన మీద 26 శాతం అన్నారు, ఈక్వడార్ మీద 10 శాతమే. రెండు రోజుల్లో మా దగ్గర కొనే కంపెనీల వాళ్లు కిలోకి ఇరవై ముప్పై రూపాయలు కోసేశారు. 100 కౌంట్, అంటే కిలోకి వంద రొయ్యలు తూగే, పట్టుబడికి సిద్ధంగా ఉన్నవాళ్లు గట్టు మీద తల పట్టుకున్నారు. ముఖ్యమంత్రి చంద్రబాబు గారు కేంద్రానికి లేఖ రాశారు. ఏప్రిల్ 9న అమెరికా 90 రోజులు ఆపింది. మర్నాడు మార్కెట్‌కి సెలవు, 11న తెరవగానే షేరు లేచింది. చెరువు గట్టు మీద ధర అంత తొందరగా లేవలేదు. మేలో కాన్‌కాల్‌లో ప్రభావం పరిమితమే, మార్కెట్లు మార్చుకుంటాం, యూరప్, జపాన్, చైనా అన్నారు. నేను మూతి విరిచాను. 2024-25లో దేశం నుంచి ఎగుమతైన రొయ్యలు 7,41,529 టన్నులు, అందులో ఒక్క అమెరికాకే 3,11,948 టన్నులు. భాగిస్తే 42 శాతం. ఇంత సరుకుని పక్క మార్కెట్లకి తిప్పడం అంటే గోదావరిని పంటకాలువలోకి మళ్లించడమే అనుకుని, పుస్తకంలో రాసి, పక్కన ముందే సున్నా పెట్టేశాను.

ఆగస్టు 27 నుంచి సుంకం 50 శాతం అయింది. ఇక అంతే అనుకున్నాను. కానీ గడువుకు ముందు అమెరికాకి ఓడలు గబగబా కదిలాయి, తర్వాత యూరప్, చైనాల వైపు సరుకు నిజంగానే ఎక్కువ వెళ్లింది. ఆ కంపెనీ ఎగుమతులు నేననుకున్నంతగా పడలేదు. నేను అమ్మేసిన ధర కంటే షేరు పైకే వెళ్లింది. ముందే పెట్టిన సున్నాని కొట్టేసి, పక్కన "సగం" అని రాశాను. ఎర్ర ఇంకుతో కొట్టేసిన గుర్తు అలాగే ఉంది. మా ఆయన వెక్కిరించడానికి ఆ పేజీ అప్పుడప్పుడు తెరుస్తారు. జరగకముందే మార్కు వేసే టీచర్ని ఏమనాలి అంటారు. టీవీ వాళ్లు మాటలు నమ్మేయమంటారు, నేను నమ్మకుండా మార్కు వేసేశాను. రెండింటిలోనూ లెక్క చెయ్యలేదు.

ఇప్పుడు ఫలితాల రోజు నా పద్ధతి ఇది. టీవీ పెట్టను. సాయంత్రం కాగితం తెరుస్తాను, మూడో గడి చూస్తాను, ఇతర ఆదాయం తీసేస్తాను, బాకీ రోజులు వేస్తాను. వారం తర్వాత రాతప్రతి వస్తే పాత మాటల పక్కన నాలుగో గీత నింపుతాను. ముప్పావు గంట పని. డబ్బు మాత్రం ఎక్కువ భాగం పోస్టాఫీసులోనే ఉంది. దానికి అవుట్‌లుక్ లేదు, హాయిగా ఉంది.

మొన్న మా ఇంటికి హేచరీ ఏజెంటు వచ్చాడు, కొత్త పంటకి సీడ్ బుక్ చెయ్యమని. మంచి మాటకారి. ఈసారి పిల్ల అంతా పరీక్ష చేయించిందే, వైట్‌స్పాట్ అన్న మాటే ఉండదు, తొంభై రోజుల్లో నలభై కౌంట్ గ్యారెంటీ అన్నాడు. మా ఆయన తలూపుతూ విని, లోపలికి కేకేశారు.

"ఏమే, ఆ పుస్తకం పట్రా. వెనక వైపు. తేదీ వేసి, ఈ అబ్బాయి చెప్పింది చెప్పినట్టు రాయి."

ఏజెంటు టీ గ్లాసు కింద పెట్టి, "గ్యారెంటీ అంటే ఇప్పుడు మరీ అలా కాదండి..." అన్నాడు.